తమలపాకులోకి వెళ్ళొచ్చిన దయ్యం

నీళ్ళు తాగేవాళ్ళు ఇప్పుడే తాగి రండి. కథ మధ్యలో లేచారంటే దయ్యం ఎక్కడుందో అక్కడే నిలబడిపోతుంది, మళ్ళీ దాన్ని బతిమాలి తీసుకురావడం నా వల్ల కాదు. హిమజా, ఆ దోమతెర అంచు పరుపు కిందకి దోపు. పండూ, ఇటు జరుగు. కాలు నా మీద వేసుకో, పర్లేదు. ఊ కొట్టాలి మరి. ఊ ఆగితే కథ ఆగుతుంది.

అనగా అనగా, మా అమ్మమ్మ నాకు చెప్పేనాటికే పాతబడిపోయిన రోజుల్లో, గోదారి సముద్రంలో కలవబోయే ముందు పాయలు పాయలుగా చీలిపోతుంది చూడండి, అక్కడ ఒక లంకలో ఒక ఊరు. పేరు ఆకులలంక. ఊరంతా తమలపాకు తోటలే. అవిసె చెట్లు వరసగా నాటి వాటి మీదకి తీగలు పాకిస్తే, పగలు కూడా లోపల చల్లగా, సాయంత్రంలా ఉండేది. ఆ ఊరి ఆకు నోట్లో పెట్టుకుంటే ముందు కారం, తరవాత తీపి, ఆ తరవాత కబుర్లు. అంటే ఆ ఆకు వేసుకున్నవాడు మాట్లాడ్డం మొదలెడితే ఆపడన్నమాట. ఎవరు, తాతయ్యలాగానా? నేననలేదు, నువ్వే అన్నావు.

ఆ ఊళ్ళో వీరాస్వామి అని ఒక రైతు. రాజుగారి కోటకి ఆకు పంపేది వాళ్ళ తోట నుంచే. వీరాస్వామి భార్య బాపనమ్మ. వాళ్ళకొక్కడే కొడుకు, సూరయ్య. బంగారంలాంటి వాడే కానీ నోట్లోంచి ఒకటే మాట వచ్చేది. "ఆయ్." వాన పడుతుందిరా అంటే ఆయ్. పడదురా అంటే ఆయ్. నీ పెళ్ళానికి పొగరురా అని తల్లంటే ఆయ్. మీ అమ్మకి చాదస్తమండీ అని పెళ్ళామంటే దానికీ ఆయ్. ఊళ్ళోవాళ్ళు అతన్ని ఆయ్ సూరయ్య అనేవారు. అలా పిలిచినా ఆయ్ అనే పలికేవాడు.

ఆ ఇంటి కోడలు నాంచారి. ఈ పిల్ల నోట్లో మాట వేరు. "ఎందుకు?" పప్పు పొంగితే ఎందుకు. పాలు విరిగితే ఎందుకు. "నీ ఎందుకులతో నా ప్రాణం పోతోందే!" అని బాపనమ్మ నెత్తి కొట్టుకునేది. అదెందుకత్తయ్యా అనేది నాంచారి. ఊ కొడుతున్నారా? ఆఁ.

సరే, ఆ ఏడు రాజుగారు తన కూతురు కనకవల్లికి పెళ్ళి కుదిర్చారు. వైశాఖంలో ముహూర్తం. పెళ్ళికొడుకు సముద్రం పక్క రేవుపట్నం రాజుకొడుకు. వాళ్ళకి పడవలెక్కువ. మగపెళ్ళివారు పడవలమీద కోట మెట్ల దాకా వచ్చి దిగాలని మన రాజుగారికి మనసయింది. కానీ కోట పక్కన పారేది మంచినీళ్ళ కాలవ. సముద్రప్పాయకీ ఆ కాలవకీ మధ్య మట్టికట్ట ఒకటుంది, ఎప్పుడో ముత్తాతల నాడు పోసింది. పడవ అది దాటి రాలేదు. రాజుగారు అన్నారు కదా, కట్ట కొట్టెయ్యండీ! కొట్టేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. సూరయ్యా కొట్టాడు.

పెళ్ళికి నెల ముందు తోట వాడ్డం మొదలెట్టింది.

ముందు ఒక వరస. ఆకులు చెవులు వేలాడేసినట్టు వేలాడిపోయాయి. వీరాస్వామి చూసి, ఎండ ఎక్కువైంది, నీళ్ళు చాల్లేదు అన్నాడు. కోట పక్కగా వచ్చే ఆ కాలవ నుంచే తోట బోదెల్లోకి నీళ్ళు మళ్ళించాడు. మర్నాటికి రెండు వరసలు వాడాయి. ఇంకా పెట్టాడు. ఇంకా వాడాయి. కొడుకూ తనూ రాత్రింబవళ్ళు నీళ్ళు తోడి పోశారు. పోసేకొద్దీ వాడేది, వాడేకొద్దీ పోసేవారు. నేలంతా బురద, పైనంతా వాడుమొహం. ఊళ్ళో కాలవ నీళ్ళు పెట్టిన తోటలన్నీ అంతే.

రాజుగారికి కబురెళ్ళింది. అసలే పెళ్ళి హడావిడి. పెళ్ళికి తాంబూలం కావాలి, తాంబూలానికి ఆకు కావాలి, ఆకుకి తీగ కావాలి, తీగకి తోట కావాలి, తోటకి వీరాస్వామి ఉన్నాడు కదా, మరి ఆకేదీ? ముహూర్తానికి ఆకు రాకపోతే ఈ తోట ఇంకొకడికి ఇచ్చేస్తాను, మీ కుటుంబం లంక దాటి పొండి అని చెప్పించారు.

వీరాస్వామి తాతల నుంచీ అదే మట్టి. ఆయన గట్టు మీద కూలబడి ఒక వాడిన తీగని ఒళ్ళో పెట్టుకుని, జొరం వచ్చిన పిల్లని నిమిరినట్టు నిమురుతూ కూచున్నాడు. అన్నానికి పిలిచినా లేవలేదు. 

ఊళ్ళో వాళ్ళు మాత్రం తేల్చేశారు. తోట చివర తాడిచెట్టు మీద దయ్యం ఉంది, అదే పీల్చేస్తోందన్నారు. ఆ దయ్యం పేరు పోలయ్య. బతికున్నప్పుడు సరుకు పడవ నడిపేవాడు. గాలివానలో పడవ తిరగబడి పోయాడు. పోయాక మిట్టమధ్యాహ్నం వేళ తాడిచెట్టు మీద కనపడేవాడు. ఎవర్నీ ఏం చేసేవాడు కాదు. కానీ దయ్యం అంటే దయ్యమే కదా, ఎవరో ఒకరి మీద పెట్టాలి కదా. దూరం నుంచి భూతవైద్యుణ్ణి పిలిపించడానికి మనిషిని పంపారు.

ఒకనాడు మధ్యాహ్నం నాంచారి మామగారికి చద్దన్నం పట్టుకెళ్ళి, ఆయన తినకపోతే గిన్నెతోనే తిరిగొస్తోంది. తాడిచెట్టు కింద ఏడుపు వినపడింది. పైకి చూస్తే తలకిందులుగా వేలాడుతూ పోలయ్య. కన్నీళ్ళు నుదుటి మీదకి కారుతున్నాయి, తలకిందులు కదా మరి.

నాంచారి రెండడుగులు వెనక్కి వేసింది. కానీ ఏడ్చేవాణ్ణి చూసి ఎంతసేపని భయపడతాం?

"ఎందుకేడుస్తున్నావు?" అంది.

"నేను కాదు తల్లీ!" అన్నాడు పోలయ్య. "నేను ఒక్క ఆకు ముట్టుకోలేదు. నన్ను సీసాలో పెట్టి బిరడా బిగించి సముద్రంలో పారేస్తారట. బతికినన్నాళ్ళూ నీళ్ళమీదే ఉన్నాను, నీళ్ళలో పడే పోయాను, మళ్ళీ నీళ్ళలోకేనా?"

"నువ్వు కాకపోతే తోట ఎందుకు వాడుతోంది బాబాయ్?"

బాబాయ్ అనేసరికి పోలయ్య చెట్టు దిగొచ్చాడు. పోయాక అతన్ని వరస పెట్టి పిలిచినవాళ్ళు లేరు. నాకేం తెలుసమ్మా, తెలిస్తే చెప్పనా అన్నాడు. నాంచారి కాసేపు ఆలోచించింది. దయ్యాలు ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా అవుతాయంటారు, మరి చిన్నగా అవుతావా అనడిగింది. ఓస్, ఎంత చిన్నగా కావాలీ అన్నాడు. ఆకులో దూరేంత చిన్నగా, లోపల ఏం జరుగుతోందో చూసొచ్చి చెప్పేంత చిన్నగా అంది.

అప్పుడు పోలయ్య తాటికాయంత అయ్యాడు. తాటికాయ నుంచి నిమ్మకాయంత. నిమ్మకాయ నుంచి శనగంత. శనగ నుంచి ఆవగింజంత. ఆవగింజ నుంచి నలుసంత. నలుసు నుంచి నలుసులో నలుసంత. చెప్పు పండూ, మళ్ళీ చెప్పు. తాటికాయ, నిమ్మకాయ, శనగ, ఆవ, నలుసు, నలుసులో నలుసు! నాంచారి చేతిలో వాడిన ఆకుంది. దాని మీదకి ఎగిరి మాయమైపోయాడు.

చాలాసేపు పట్టింది. ఈ పిల్ల ఎండలో అలాగే నిలబడింది. అప్పుడు నలుసు, ఆవ, శనగ, నిమ్మకాయ, తాటికాయ, ఢామ్మని పోలయ్య.

"అమ్మాయ్, అది ఆకు కాదే! ఊరు! గదులు, గదులు, గదులు. గోడకి గోడ ఆనించి కట్టిన గదులు. కింద పక్కన ఆకుకి నోళ్ళున్నాయి, పెదవులు బిగించి మూసేసుకున్నాయి. ఆ సందులోంచి దూరాను. ఒక గది గోడ దాటాను, గోడేం అడ్డలేదు. లోపల పల్చటి పొర, గుడ్డు పెంకు కింద ఉంటుందే, అలాంటిది. అది మాత్రం ఎవర్ని పడితే వాళ్ళని రానివ్వదు. ఆ పొర గోడని వదిలేసి లోపలికి ముడుచుకుపోయి ఉంది. నేను లోపలికి పోదామంటే నీళ్ళు ఎదురొస్తున్నాయి. ఎదురునీట్లో పడవ నడిపినవాణ్ణి కదా, ఎలాగో దూరాను. లోపల ఏవేవో ఉన్నాయి. ఆకుపచ్చ పూసలు, ఒక దారపుండ, అన్నీ ఒకదానిమీదొకటి కుప్పపడి ఉన్నాయి."

అమ్మమ్మా, గదులంటే కణాలు కదా? అంటున్నావా హిమజా? అవునే, కణాలే. మీ అమ్మ బడికెళ్ళేటప్పుడు ఆ బొమ్మ గీసి రంగులేస్తుంటే చూశాను. కానీ పోలయ్యకి ఆ పేరు తెలీదు పాపం, గది అన్నాడు. మనమూ గదే అందాం, కథ అయ్యేదాకా.

నాంచారికి ఇక్కడే తెలివి పనిచేసింది. కుప్పపడి ఉన్నాయంటున్నావు, అసలు ఎలా ఉండాలో నువ్వెప్పుడైనా చూశావా అంది. లేదన్నాడు. జబ్బు ఏదో తెలియాలంటే ముందు ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలియాలి కదా. వాళ్ళ పెరట్లో నూతి గట్టున నాంచారే నాటుకున్న తీగ ఒకటుంది. అది వాడలేదు. నిగనిగలాడుతోంది. పోలయ్యని కొంగులో మూటకట్టుకుని, అత్తగారి కంటపడకుండా పెరట్లోకి తీసుకుపోయి ఆ ఆకులోకి పంపింది. తాటికాయ, నిమ్మకాయ, శనగ, ఆవ... పండూ, ఊ ఏదీ? ఆఁ.

ఈసారి పోలయ్య ఎంతకీ రాడు. నూతి గట్టు దగ్గర గిన్నెలన్నీ తోముకుంది నాంచారి. రానే రాడు. వచ్చాక చూస్తే మొహం వెలిగిపోతోంది.

"తల్లీ, ఏం చెప్పను! గోడలు బిర్రుగా నిలబడ్డాయి. పొర గోడకి అంటుకుని ఉంది. దాని నిండా తలుపులే. చక్కెరకి ఒక తలుపు, ఉప్పుకి ఒక తలుపు, ఎవరి తలుపు వాళ్ళదే. లోపల గంజిలాంటిది, అది ఊరికే ఉండదు, సుళ్ళు తిరుగుతూనే ఉంటుంది. ఆకుపచ్చ పూసలు ఆ సుడిలో తిరుగుతూ ఎండ తగిలినచోట ఆగి, ఎండనీ గాలినీ నీళ్ళనీ కలిపి చక్కెర వండుతున్నాయి. నిప్పు లేకుండా వంట! వండిన చక్కెరని చిక్కుడుగింజల్లాంటి చిన్నచిన్న పొయ్యిలు తీసుకుని, సన్నగా కాల్చి, గదికి కావలసిన బలమంతా ఇస్తున్నాయి."

ఏంటి హిమజా, ఆ పొయ్యిల పేరు మైటో... మైటోకాండ్రియానా? ఆఁ, అదే, నాకు నోరు తిరగదు గానీ నువ్వు చెప్పావుగా.

"ఒక పక్కగా గుండ్రటి అర, రెండు పొరలు కప్పుకుని. దాన్లో దారాలు, మహా పొడుగు దారాలు ఉండచుట్టి ఉన్నాయి. నేతగాడికి అంచు ఎలా రావాలో, పువ్వు ఎక్కడ రావాలో పోగుల అల్లికలో ఉంటుంది చూడు, అలా ఆ గది ఏ పని ఎప్పుడు చెయ్యాలో అంతా ఆ దారాల్లోనే ఉంది. అక్కణ్ణుంచి మాట బయటికొస్తుంది. బయట నూకల్లాంటి పనివాళ్ళు ఆ మాట ప్రకారం కావలసిన సామాను కడుతున్నారు. కట్టినదాన్ని మూటల్లో పెట్టి మోసుకుపోతున్నారు. పాడైనదాన్ని ఊడ్చి, విప్పి, పనికొచ్చే ముక్క మళ్ళీ వాడుతున్నారు. ఒక్కడు ఖాళీగా లేడమ్మా! మా రేవులో కూడా ఇంత పని చూళ్ళేదు నేను."

"అన్నీ సరే బాబాయ్, ఆ గదిలో లేనిదీ ఈ గదిలో ఉన్నదీ ఏవిటి?"

పోలయ్య నుదురు రుద్దుకున్నాడు.

"నీళ్ళ సంచి. ఈ గది మధ్యలో పెద్ద సంచి, గదంతా అదే. నిండుగా నీళ్ళు. ఆ సంచి ఉబ్బి గోడల్ని బయటికి నెడుతోంది, అందుకే ఆకు బిర్రుగా నిలబడింది. ఆ వాడినదాంట్లో సంచి చితికి చిన్న పీలికయిపోయింది. నీళ్ళు బయటికి పోతున్నాయి. నాకెదురొచ్చినవి అవే."

నీళ్ళు పోస్తుంటే నీళ్ళు బయటికి పోవడమేంటి! చుట్టూ నీళ్ళు, లోపల దాహం. నాంచారి ఎందుకు ఎందుకు అనుకుంటూ వంటింట్లోకొచ్చింది. అక్కడ అత్తగారు బాపనమ్మ ఏం చేస్తోందంటారా? వైశాఖం కదా, మాగాయకి మామిడి ముక్కలు తరిగి ఉప్పులో వేసి, జాడీలోంచి ముక్కలు పిండి తీస్తోంది. ముక్కలు గుడ్డపీలికల్లా మెత్తబడిపోయాయి. జాడీ అడుగున బోలెడు ఊట.

నాంచారి అలా చూస్తూ నిలబడిపోయింది. "అత్తయ్యా, ఈ ఊటెందుకొస్తుంది?"

"మళ్ళీ మొదలెట్టావా? ఉప్పేస్తే ఊటొస్తుంది. ఉప్పు నీళ్ళని లాగుతుంది. ఇది కూడా తెలీదుటే?"

ఆ మాట అత్తగారి నోట పూర్తిగా రాలేదు, కోడలు గుమ్మం దాటేసింది. కాలవ దగ్గరకి పరిగెత్తి దోసిలితో నీళ్ళు నోట్లో పోసుకుంది. థూ అని ఊసేసింది. ఉప్పు! ఊళ్ళో అందరూ తాగేది నూతినీళ్ళు, కాలవనీళ్ళు తోటకి పెట్టడమే గానీ నోట్లో వేసుకున్నవాడు లేడు. కట్ట కొట్టేశారు కదా, పోటు వచ్చినప్పుడల్లా సముద్రం కాలవలోకి ఎక్కుతోంది. వేసవికాలం, గోదారి పల్చబడి ఉంది, ఎదురు నెట్టే బలం లేదు దానికి. పాపం వీరాస్వామి, ప్రేమ కొద్దీ తోటని ఊరబెడుతున్నాడన్నమాట!

మామగారి దగ్గరకెళ్ళి చెప్పింది. ఆయన కూడా ఒక దోసిలి తాగి చూశాడు. "నా చేత్తో నేనే పోశానా అమ్మా" అన్నాడు. మీకు తెలిసి పొయ్యలేదు కదా మావయ్యా, లేవండి, రాజుగారి దగ్గరకి పోదాం అంది.

పోయారు. ముందు నాంచారి, వెనక వీరాస్వామి, ఆ వెనక సూరయ్య. నాంచారి చేతిలో పళ్ళెం. పళ్ళెంలో తరిగిన దోసకాయ ముక్కలు. రాజుగారి ముందు పెట్టి, ముక్కల మీద ఇంత ఉప్పు జల్లి, కట్ట మళ్ళీ వెయ్యించండి ప్రభూ అంది.

ఇహ చూస్కోండి. రాజుగారు లేచారు. కట్టా! నేను కట్ట కొట్టించడం తప్పంటావా! మగపెళ్ళివారి పడవలు ఏం కావాలి! మేళం పడవ ఏం కావాలి! ఏనుగు బొమ్మ పెట్టిన పడవ ఏం కావాలి! నేను మాట ఇచ్చాను, మాట ఇచ్చి మళ్ళీ మట్టి వేస్తే వియ్యంకుడు నవ్వడా! అని అటు నడిచారు, ఇటు నడిచారు, కిరీటం జారితే సర్దుకున్నారు, మళ్ళీ అరిచారు. నాంచారి చేతులు కట్టుకుని నిలబడింది. అరిచి అరిచి గొంతెండి, రాజుగారు కూర్చుని దోసకాయ ముక్క తీసుకోబోయారు.

"ఎవర్రా ఈ పళ్ళెంలో నీళ్ళు పోసింది?"

ఎవరూ పొయ్యలేదు ప్రభూ, మీరు మాట్లాడుతుండగా ముక్కే వదిలింది అంది నాంచారి. "ఉప్పు బయట ఉంటే లోపలి నీళ్ళు బయటికొచ్చేస్తాయి. ఆకులో కూడా గది గదికీ పొర ఉంది, సంచి ఉంది. బయట ఉప్పునీళ్ళు నిలబడితే లోపలి నీళ్ళు పోయి సంచి ఎండిపోతుంది. ఇప్పుడు కట్ట వేస్తే కొంతైనా బతుకుతుంది. పెళ్ళయ్యాక వేస్తే ఏదీ బతకదు."

రాజుగారు పళ్ళెం కేసి చూశారు. ముక్క వేలితో నొక్కారు. మెత్తగా వంగింది. తెలిసింది, కానీ తెలిసినా ఒప్పుకోవడం రాజులకి కష్టం. అప్పుడు తెరవెనక నుంచి కనకవల్లి గొంతు వినపడింది. "నాన్నగారూ, పడవ లేకపోతే ఆయన నడిచొస్తారు. ఆకు లేకపోతే తాంబూలం లేదు. ఆ ముసలాయన తోట పోగొట్టి నేను పల్లకీ ఎక్కను."

రాజుగారు కిరీటం తీసి పక్కన పెట్టారు. వెయ్యండి కట్ట అన్నారు.

వెయ్యమంటే అయిపోతుందా? ఊరంతా గంపలు, పారలు పట్టుకుని వచ్చింది. మట్టి పోస్తే పోటు కొట్టుకుపోయింది. పోస్తే కొట్టుకుపోయింది. మనుషులు నడుం లోతు నీళ్ళలో నిలబడలేకపోతున్నారు. పోలయ్య వచ్చి నాంచారి చెవిలో చెప్పాడు. పోటు తిరిగి పాటు మొదలయ్యే ముందు, అదే, సముద్రం వెనక్కి తగ్గే ముందు, నీరు ఊపిరి బిగబట్టినట్టు కాస్సేపు ఆగుతుందమ్మా, నేను చెప్పినప్పుడు అందరూ ఒక్కసారి పోస్తే నిలుస్తుంది, ఇంకాసేపు ఓపిక పట్టమను. కానీ పనివాళ్ళు అలిసిపోయారు. మేస్త్రీ పార కింద పడేసి, రేపు చూద్దాం లెద్దురూ, ఏం సూరయ్యా, రేపే కదూ అన్నాడు. అందరూ సూరయ్య కేసి చూశారు. ఏమంటాడో అందరికీ తెలుసు కదా.

సూరయ్య తండ్రి మొహం చూశాడు. పెళ్ళాం మొహం చూశాడు. నీళ్ళు కారుతున్న మీసం తుడుచుకున్నాడు.

"కుదరదు" అన్నాడు.

బాపనమ్మ చేతిలో గంప జారి నీళ్ళలో పడిపోయింది! ఊరు ఊరంతా నోళ్ళు తెరిచింది. సూరయ్య నోట ఇంకో మాట రావడం అదే మొదలు. సిగ్గేసిందో ఏమో, మేస్త్రీ వంగి పార తీసుకున్నాడు. ఇంతలో నీరు ఆగింది. పోలయ్య ఊఁ అన్నాడు, నాంచారి పొయ్యండి అని అరిచింది. గంప మీద గంప, బస్తా మీద బస్తా, కొబ్బరిమట్ట మీద మట్టి, మట్టి మీద మట్ట. పాటు మొదలయ్యేసరికి కట్ట నిలబడింది.

ఆ తరవాత కట్టలో తూము పెట్టి, కాలవలోని ఉప్పునీళ్ళు పాటుకి బయటికి వదిలేసి, ఎగువ నుంచి మంచినీళ్ళు రప్పించారు. అవి వచ్చేలోపు నూతుల నుంచి కడవలతో మోశారు. దయ్యం దయ్యం అన్నవాళ్ళే అందరికంటే ఎక్కువ మోశారు. నీళ్ళు నిలవనివ్వకుండా, పోసి వదిలి, పోసి వదిలి, నేలలో ఉప్పు కడిగారు. పోలయ్య రోజూ ఆకుల్లోకి పోయి వచ్చేవాడు. పొర గోడని అంటుకుందమ్మా. సంచిలో నీరు చేరుతోందమ్మా. సుడి మళ్ళీ తిరుగుతోందమ్మా! ఒక్కో వరసలో మాత్రం తల అడ్డంగా ఊపేవాడు. అక్కడ పొర చిరిగిపోయింది, పొయ్యిలు చల్లారిపోయాయి. పొర చిరిగిన గదిని ఎన్ని నీళ్ళు పోసినా నిలబెట్టలేం తల్లీ. ఆ తీగలు కోసేశారు. అన్నీ బతికాయని చెప్తే అబద్ధం, పండూ. మూడొంతులు బతికింది, అదే పదివేలు.

పెళ్ళిరోజు రానే వచ్చింది. మగపెళ్ళివారి పడవలు కట్ట అవతల ఆగిపోయాయి. పెళ్ళికొడుకు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి దాకా బురదలో నడిచొచ్చాడు. మేడ మీద నుంచి చూసి కనకవల్లి ఫక్కున నవ్వింది. అతను తల ఎత్తి చూసి తనూ నవ్వాడు. రాజుగారు మొహం చేతుల్లో దాచుకున్నారు గానీ, వేళ్ళ సందులోంచి చూసి ఆయనకీ నవ్వొచ్చింది. ముహూర్తానికి వీరాస్వామి పళ్ళెంలో ఆకులు తెచ్చాడు. పెద్ద ఆకులు కావు, చిన్నవే, తేరుకుంటున్న తీగవి. కానీ ఒక్కో ఆకు బిర్రుగా, నిగనిగలాడుతూ. రాజుగారు లేచి ఆయన చేతుల్లోంచి తనే అందుకున్నారు.

భూతవైద్యుడు పెళ్ళి భోజనాల వేళకి దిగాడు. సీసా ఊపి, ఏదో చదివి, పట్టేశాను పట్టేశాను అని, ఖాళీ సీసాకే బిరడా బిగించుకుని, గారెలు తిని వెళ్ళిపోయాడు.

మరి పోలయ్యేడీ? సాయంత్రం నాంచారి తోటలోకి వెళ్ళేసరికి, ఒక తీగ కొసన ముడుచుకుని ఉన్న లేత చిగురు పక్కన కూచుని ఉన్నాడు.

"ఇందులోకి పోయొచ్చాను అమ్మాయ్. చివరి గది ఒకటి, నేను చూస్తుండగానే రెండయింది. ముందు ఆ దారాలన్నీ ఒకటికి రెండయ్యాయి. బారులు తీరాయి. సగం అటు, సగం ఇటు. మధ్యలో గోడ లేచింది. అంతే, రెండు గదులు. రెండిట్లోనూ అన్నీ ఉన్నాయి. తల్లీ, నాకు ఏడుపొచ్చింది."

"ఎందుకు బాబాయ్?"

"పోయిన దగ్గర్నుంచీ పనిలేక చస్తున్నాను. చచ్చినవాడు మళ్ళీ చావడమేంటని నవ్వకు. ఆ తాడిచెట్టు మీద ఎన్ని మధ్యాహ్నాలు ఊగానో. అక్కడ చూడు, మోసేవాళ్ళు మోస్తున్నారు, వండేవాళ్ళు వండుతున్నారు. నేను సరుకు మోసినవాణ్ణి. నన్నక్కడికి పోనీ."

నాంచారికి కళ్ళు చెమర్చాయి. మళ్ళీ రావా అంది. రానన్నాడు. సరే, పో బాబాయ్, పిలిస్తే మాత్రం ఊ కొట్టు అంది. అప్పుడు పోలయ్య తాటికాయంత, నిమ్మకాయంత, శనగంత, ఆవగింజంత, నలుసంత, నలుసులో నలుసంత... ఆ చిగురు సన్నగా ఒణికింది. గాలి లేదు అప్పుడు.

మర్నాడు అది విచ్చుకుంది. ఆ తీగ ఆకు నాంచారి ఎప్పుడూ కొయ్యలేదు, ఎవర్నీ కొయ్యనివ్వలేదు.

ఏంటి పండూ? మనలో కూడా గదులున్నాయా? ఎందుకు లేవు! వేలి కొసలో ఉన్నాయి, నాలిక మీద ఉన్నాయి, కోట్లకి కోట్లు. కాకపోతే మనకి గోడలుండవు, పల్చటి పొరే. అందుకే మనం మెత్తగా ఉంటాం, ఆకులు బిర్రుగా ఉంటాయి. ఆకుపచ్చ పూసలూ ఉండవు. ఎండలో కూచుని కడుపు నింపుకోవడం మనకి రాదు. అందుకే అన్నం తినమని మీ అమ్మ వెంటపడుతుంది. హిమజ చెప్పిందే, ఆ తిరగని పేరు, ఆ పొయ్యిలు మనకీ ఉన్నాయి. నువ్వు నిద్రపోయినా అవి నిద్రపోవు.

ఇంతకీ ఇందులో నీతేంటంటే, ఎవరికైనా ఏదైనా పోసేముందు అది ఒక చుక్క మన నోట్లో వేసుకుని చూడాలి. ప్రేమ ఒక్కటే చాలదు, రుచి కూడా తెలియాలి. తెలిసిందా? వీరాస్వామి తోట మళ్ళీ సాయంత్రంలా చల్లబడింది, బాపనమ్మ కోడలి ఎందుకులకి జవాబులు చెప్పడం మొదలెట్టింది, సూరయ్య వారానికొకసారి కుదరదు అనేవాడు, అందరూ సుఖంగా ఉన్నారు.

పోలయ్య ఏ గదిలో ఉన్నాడో మాత్రం ఇప్పుడెవరికీ తెలీదు. ఒక గది రెండయింది కదా, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఆ తీగ కొసలు తుంచి ఊరూరా నాటుకున్నారు. ఏ పెరట్లో ఉన్నాడో, ఏ ఆకులో మూటలు మోస్తున్నాడో.

పండూ? ఊ ఏదీ?

నిద్రపోయాడు. పోనీలే. హిమజా, నువ్వూ కళ్ళు మూసుకో. కథ కంచి బండెక్కేసింది, మనం దుప్పట్లోకి.